ఒర్సోలా వేసిన ముద్ర

లెక్కో పట్టణానికి పైన, కొండల్లో ఉంటుంది మా ఊరు ప్రెదాలె. కొలిమి లేని సందు లేదిక్కడ. ఊళ్లో సగంమంది కత్తెరలు చేస్తారు, మిగతా సగం వాటిని బుట్టల్లో మోసుకెళ్లి లోయలో అమ్ముకొస్తారు. మిలానో దర్జీల కత్తెరలన్నీ మా వాగునీళ్లలో పదును తాగి వెళ్లినవేనని మావాళ్లు గొప్పలు చెప్పుకుంటారు. అలాంటి ఊళ్లో 1939లో ఒర్సోలా తెందెరీని ఎడమచేతివాటంతో పుట్టింది. ఊరు చేసిన కత్తెర ఒక్కటంటే ఒక్కటి ఆమె చేతికి తెగేది కాదు.

ఎడమచేతి మనిషిని మేం మంచీనో అంటాం, ఆడదైతే మంచీనా. ఆ మాట చేతి దగ్గర ఆగదు. వెనకనుంచి తీసిన దెబ్బని మంచీనో దెబ్బ అంటాం. ఎవరైనా నమ్మించి ముంచితే మంచీనో పని చేశాడంటాం. కాబట్టి ఆరేళ్ల పిల్లని చూపించి "ఇది మంచీనా" అన్నారంటే, ముందు ముందు అది ఎలాంటిదవుతుందో కూడా చెప్పేసినట్టే.

బళ్లో నేను ఆమె పక్కన కూర్చునేదాన్ని. నా పేరు నీవెస్. ఆ బెంచీ మీద ఎడమచేతివాళ్లం ఇద్దరం ఉండేవాళ్లమని చాలా ఏళ్లదాకా ఊళ్లో ఎవరికీ తెలియదు. మొదటిరోజే నేను లొంగిపోయాను మరి.

యుద్ధం ముగిసిన ఏడాది అది. ఎర్మీనియా టీచరు మొదటిరోజు మా అందర్నీ "అందమైన చెయ్యి పైకెత్తండి" అంది. అందమైన చెయ్యి అంటే కుడిచెయ్యి. మా ఇళ్లలో పిల్లలకి సరిగ్గా మాటలు రాకముందే ఆ సంగతి నేర్పేస్తారు. అందరం ఎత్తాం. ఒర్సోలా రెండు చేతులూ ఎత్తింది.

"ఏంటే అది?" అంది టీచరు.

"రెండూ ఒకలాగే ఉన్నాయి టీచర్. ఏది అందంగా లేదో మీరే చెప్పండి."

ఆమె వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగింది. కాని క్లాసంతా నవ్వింది. దాంతో టీచరు ముఖం ఎర్రబడింది. మేమంతా నల్లగౌన్ల మెడ దగ్గర నీలం రిబ్బన్లు కట్టుకునేవాళ్లం. టీచరు ఒర్సోలా రిబ్బను విప్పి, దాంతోనే ఆమె ఎడమ మణికట్టుని బెంచీకి కట్టేసి, కుడిచేతికి కలం ఇచ్చింది. అది చూస్తూనే నేను నా కలాన్ని ఎడమచేతిలోంచి కుడిచేతిలోకి మార్చేసుకున్నాను. నన్ను ఎవరూ చూడలేదు.

టీచరు చెడ్డమనిషేమీ కాదు. ఆమెకి పైవాళ్లు చెప్పింది అదే, ఆమె చిన్నప్పుడు ఆమెకి చేసిందీ అదే అయ్యుండొచ్చు. రోజూ పొద్దున రిబ్బను కట్టేది, మధ్యాహ్నం విప్పేది. ఒర్సోలా కుడిచేత్తో కోడిగీతలు గీసేది. ఇంటికెళ్లి అదే పాఠాన్ని ఎడమచేత్తో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, మర్నాడు రెండు కాగితాలూ టీచరు బల్ల మీద పెట్టేది. ఒకటి మీరు అడిగింది, ఒకటి నేను రాసింది అని చెప్పేది. మూడు చలికాలాలు అలాగే సాగింది. నాలుగో తరగతిలోకి వచ్చేసరికి టీచరుకే విసుగొచ్చి రిబ్బను జోలికి పోవడం మానేసింది.

ఇంట్లోనూ ఇదే తంతు. రాగి బానలో పోలెంతా, అంటే మొక్కజొన్న సంకటి, కలపడానికి తల్లి కర్ర చేతికిస్తే ఒర్సోలా ఎడమచేత్తో అందరూ తిప్పేదానికి ఎదురువైపుకి తిప్పేది. అలా తిప్పితే పిండి ఉండకడుతుందని తల్లి మోచేతి మీద ఒక్కటిచ్చేది. ఉండకట్టేది కాదు. ఉండలు చూపించమ్మా అని పిల్ల గరిటె పెట్టి వెతికేది. తండ్రి మాత్రం తలవంచుకుని నవ్వుకుంటూ తినేవాడు.

పద్నాలుగో ఏట ఆమె అకిల్లె మేస్త్రీ కార్ఖానాలో చేరింది. మా ఊళ్లో ఆడవాళ్లు కొలిమి దగ్గరికి వెళ్లరు. మెరుగుపెట్టడం, నూనె రాయడం, కాగితంలో చుట్టి పెట్టెలకెత్తడం వాళ్ల పని. ఆమె నాలుగేళ్లు నూనె రాసింది. ఆ తర్వాత పరీక్షచేసే ముసలామె మంచాన పడితే మేస్త్రీ ఒర్సోలాని ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. తయారైన ప్రతి కత్తెరతోనూ పల్చటి గుడ్డని చివరిదాకా కత్తిరించాలి. తెగితే కుడివైపు బుట్టలో, తెగకపోతే ఎడమవైపు బుట్టలో వెయ్యాలి.

మధ్యాహ్నానికి కుడివైపు బుట్ట ఖాళీగా ఉంది. ఎడమబుట్ట నిండి కత్తెరలు నేలమీద పడుతున్నాయి.

మేస్త్రీ పరుగున వచ్చాడు. ఒకటి తీసి గుడ్డ మీద పెట్టి చర్రున కత్తిరించాడు. ఇంకోటి తీశాడు, అదీ తెగింది. పనివాళ్లందరూ చుట్టూ మూగారు.

"నీకేమన్నా మతిపోయిందా? నిక్షేపంలాంటి సరుకు!"

"నా చేతికి తెగట్లేదు మేస్త్రీగారూ."

"కత్తెరలో తప్పు లేదే, నీ చేతిలో ఉంది తప్పు."

ఒర్సోలా ఇలా అంది: "చెయ్యి నేను చేసుకున్నది కాదు. కత్తెర మనం చేసింది. రెంటిలో దేన్ని మార్చగలమో చెప్పండి."

పనివాళ్లలో ఒకడు పకపకా నవ్వాడు. మేస్త్రీకి మాత్రం నవ్వు రాలేదు. ఆయన చెడ్డవాడు కాదు, పని బాగా తెలిసినవాడు. తెలిసినవాడు కాబట్టే ఆ మాట ఆయనకి ఎక్కడో తగిలింది. కత్తెర అలుగులు, అంటే కోసే రేకులు, రెండూ తిన్నగా ఉండవు, సన్నగా వంపు తిరిగి ఉంటాయి. కుడిచేత్తో పట్టుకుని మూస్తే బొటనవేలు నెట్టడం, మిగతా వేళ్లు లాగడం కలిసి అలుగుల్ని ఒకదానికొకటి ఒత్తుతాయి. అదే కత్తెరని ఎడమచేత్తో పట్టుకుంటే ఆ నెట్టడమే వాటిని విడదీస్తుంది. గుడ్డ మధ్యలో దూరి మడతపడుతుంది. ఇదంతా ఆయనకి తెలుసు. అయినా "నిన్ను మంచీనా అని ఊరికే అన్నారా? పేరులోనే ఉందిగా నీ సంగతి" అని ఆమెని మళ్లీ నూనె గుడ్డ దగ్గరికి పంపేశాడు.

పేరులో ఏముందో తెలుసుకోవాలని ఆమెకి పట్టుదల వచ్చింది. ఆ ఆదివారం పూజ అయ్యాక చర్చి వెనక గదిలోకి వెళ్లి ఫాదరు దోన్ ఇలారియోని అడిగింది. నన్నూ వెంట తీసుకెళ్లింది. ఫాదరుగారికి మాటలంటే ఇష్టం. బీరువాలోంచి ఇటుకంత నిఘంటువు తీసి, కళ్లద్దాలు తుడుచుకుని, వేలు పెట్టి వెతికారు. మంచీనో అన్నది పాత లాటిన్ మాట మాంకుస్ నుంచి వచ్చిందట. మాంకుస్ అంటే అవిటివాడు, చెయ్యి లేనివాడు, ఏదో కొరవడినవాడు. మేం రోజూ ఏదన్నా లేకపోతే, తక్కువైతే మాంకా అంటాం చూడండి, అదీ ఆ కుటుంబంలోదే. కుడివైపుకి మేం వాడే దెస్త్రో అన్న మాటకి నేర్పరి అని కూడా అర్థం ఉందని చెప్పి, అంతలో ఒర్సోలా ముఖం చూసి పుస్తకం మూసేశారు.

"మాటలు మనకంటే పాతవమ్మాయ్. వాటికి మనమీద కోపం ఉండదు. మనసులో పెట్టుకోకు."

"కోపం సంగతి కాదు ఫాదర్. లెక్క కుదరట్లేదు. నాకు చెయ్యి లేదంటున్నారు కదా, మరి లేనిదాన్ని మూడేళ్లపాటు రిబ్బనుతో ఎందుకు కట్టేశారు?"

ఫాదరుగారు పుస్తకాన్ని బీరువాలో పెట్టేశారు. మేం వెళ్లేటప్పుడు గుమ్మందాకా వచ్చి తలుపు తెరిచి పట్టుకున్నారు. అలా ఆయన ఎవరికీ చేసేవారు కాదు.

దారిలో ఒర్సోలా నాతో ఒక్క మాటే అంది, నవ్వుతూ కాదు: "నీ చెయ్యి కూడా లేదే నీవెస్." అంటే ఆమెకి మొదటినుంచీ తెలుసన్నమాట. నేను జేబుల్లో చేతులు పెట్టుకుని నడిచాను.

వాగు ఒడ్డున గౌదెంజియో తాతకి సొంత కొలిమి ఉండేది. వయసు మీదపడి పని తగ్గించుకున్నాడు, గొడ్డళ్లకి పదును పెట్టి కాలం గడిపేవాడు. ఒర్సోలా కార్ఖానా పనయ్యాక తిన్నగా అక్కడికెళ్లి, మామూలు కత్తెర అద్దంలో ఎలా కనిపిస్తుందో నాకు అలాంటిది చేసిపెట్టు తాతా అని అడిగింది. అంతా తిరగబడాలి. పై అలుగు కిందికి రావాలి, వంపు అటువైపు తిరగాలి, సాన పట్టే అంచు మారాలి. తాతకి సరదా వేసింది. ఇనుము కాల్చి దాకలి మీద పెట్టి సుత్తి ఎత్తాడు. యాభై ఏళ్లుగా చేతికి అలవాటైన వంపు దానంతటదే వచ్చేసింది. ఇంకో ముక్క కాల్చాడు. మళ్లీ అదే వంపు. మూడోది పగిలిపోయింది.

తాత సుత్తి కింద పెట్టేసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇన్నేళ్లొచ్చాక నేను అవిటివాణ్ణయ్యానే పిల్లా! నా చెయ్యి అటు తిరగనంటోంది. నువ్వే కొట్టు."

"ఆడవాళ్లు కొలిమి దగ్గర నిలబడకూడదంటారుగా."

"ఇక్కడ చూసేవాళ్లెవరున్నారు, నేనూ వాగూ తప్ప?"

ఆమె కుడిచేత్తో పట్టకారు పట్టుకుని, ఎడమచేత్తో సుత్తి ఎత్తింది. మొదటి అలుగు సొట్టలతో వచ్చింది, కాని వంపు మాత్రం సరైన వైపుకే వచ్చింది. తాత దాన్ని వెలుతురులో పెట్టి చూసి ఇక నవ్వలేదు. ఆ శీతాకాలమంతా, పైయేడు శీతాకాలమంతా ఆమె కొట్టింది. జుట్టు కాలింది, ముంజేతి నిండా నిప్పురవ్వల మచ్చలు. పదును ఎక్కువై కొన్ని విరిగాయి, తక్కువై కొన్ని వంగాయి. వాటన్నిటినీ వాగు పక్కన కుప్ప పోసేది. నేను అప్పటికి దర్జీపని నేర్చుకుంటున్నాను. అప్పుడప్పుడు రొట్టే, జున్నూ పట్టుకెళ్లి ఇచ్చేదాన్ని. ఒక్కసారి పట్టుకుని చూడవే అని కత్తెర నా చేతికివ్వబోయేది. కుట్టాల్సిన బట్టలున్నాయని చెప్పి వచ్చేసేదాన్ని.

చివరికి గుడ్డని మొదలునుంచి చివరదాకా తప్పు లేకుండా కత్తిరించే కత్తెర వచ్చింది. మా ఊళ్లో ఎవరి కత్తెర మీద వాళ్ల ముద్ర ఉండాలి. ఒకడికి నక్షత్రం, ఒకడికి మేకతల, అకిల్లె మేస్త్రీకి కిరీటం. ఒర్సోలా తన ముద్ర కోసం ఏడక్షరాలు చెక్కించుకుంది. MANCINA.

ఆ సంగతి తెలిసి వాళ్లమ్మ రాద్ధాంతం చేసింది. "ఊరంతా నిన్ను తిట్టే మాటని నీ చేత్తోనే ఇనుము మీద కొట్టుకుంటావంటే? ఓ పువ్వు బొమ్మ వేసుకోరాదా? లేకపోతే మీ నాన్న పేరు వేసుకో."

"నాన్నది ఎడమచేతి వాటం కాదుగా."

"ఆ మాటకి అర్థమేంటో తెలిసే వేస్తున్నావా?"

"తెలిసే వేస్తున్నానమ్మా. ఫాదరుగారు పుస్తకంలో చూపించారు. చెయ్యి లేనిది అనట. సరే, ఆ లేని చేత్తో చేసిందే ఇది. చదువుకున్నవాళ్లు చదువుకుంటారు, లేనివాళ్లు గుడ్డ కత్తిరించుకుంటారు."

తల్లి వారం రోజులు మాట్లాడలేదు. అకిల్లె మేస్త్రీకి తెలిసి పిలిపించాడు. తన దగ్గర పనిచేస్తూ ఇంకో ముద్ర వెయ్యడం కుదరదన్నాడు. అది న్యాయమేనని ఒప్పుకుని, నూనె గుడ్డ మడిచి బల్లమీద పెట్టేసి ఆమె బయటికొచ్చింది. అప్పటికామెకి ఇరవై ఒకటి.

ఆ నవంబరులో లోయలో జరిగే సంతకి రెండు డజన్ల కత్తెరలు తీసుకెళ్లి, బల్ల మీద నీలంగుడ్డ పరిచి పెట్టింది. ప్రెదాలె నుంచి ఆడది సొంత సరుకుతో వచ్చిందని జనం బాగానే చేరారు. ఒక్కొక్కరే కత్తెర తీసుకుని, గుడ్డముక్క కత్తిరించబోయి, మొహం చిట్లించి కింద పెట్టేస్తున్నారు. మోటుమీసాల పశువుల వ్యాపారి ఒకడు గుడ్డని నమిలించినంత పనిచేసి, "ఇది తెగదమ్మోయ్, ఇంటికెళ్లి పోలెంతా కలుపుకో" అన్నాడు.

"కత్తెరలో తప్పు లేదు బాబాయ్, నీ చేతిలో ఉంది తప్పు" అంది ఒర్సోలా. "ఆ రెండో చేత్తో పట్టుకో."

ఆ మాట నాకు వినిపించింది. నేను పక్క వరసలో మా అత్తగారితో కలిసి దారపు ఉండలు కొంటున్నాను. పెళ్లై ఐదు నెలలు. అత్తగారికి గాని, మా ఆయనకి గాని నా సంగతి తెలియదు. బళ్లో ఆ రోజు కలం మార్చుకున్నప్పటినుంచీ నేను ఏ పనీ ఎడమచేత్తో చెయ్యలేదు. పదిహేనేళ్లు. అందరికంటే నిదానంగా కుట్టేదాన్ని, కొత్తకోడలు మందమతి అని అత్తగారు చుట్టాలకి చెప్పేది. నేనూ అదే నిజమనుకునేదాన్ని.

ఎందుకు కదిలానో నాకిప్పటికీ సరిగ్గా తెలియదు. వ్యాపారి నవ్వుతున్నాడు, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతున్నారు, ఒర్సోలా ఒక్కతీ బల్ల వెనక నిలబడి ఉంది. బళ్లో కూడా ఆమె ఇలాగే ఒక్కతే మిగిలింది. నేను వెళ్లి కత్తెర తీసుకున్నాను, ఎడమచేత్తో. ఆమె గుడ్డ చివర పట్టుకుని బిగించి చాపింది. నేను కోయడం మొదలుపెట్టాను. మధ్యలో ఆగలేదు. నా చేతికింద గీత కనబడుతోంది. అన్నాళ్లూ నేను వాటం కాని చేత్తో గీతని వెతుక్కుంటూ కోసేదాన్నని ఆ క్షణంలోనే తెలిసింది. మూరెడు గుడ్డ సరళరేఖలా రెండుగా విడిపోయింది.

అత్తగారు చేతిలోని దారపు ఉండ జారవిడిచింది. "నువ్వు మంచీనావా?"

"అవునత్తయ్యా" అన్నాను. "మొదటినుంచీ."

ఆ కత్తెర నేనే కొనుక్కున్నాను. నా తర్వాత ఒకామె వచ్చింది, మంగలాయన ఒకడొచ్చాడు, చేతులు వెనక పెట్టుకున్న పన్నెండేళ్ల పిల్లని తోసుకుంటూ ఒక తల్లి వచ్చింది. అప్పటిదాకా వాళ్లంతా ఎక్కడున్నారో మరి. సంతలో అరడజను అమ్ముడయ్యాయి. ఎక్కువేమీ కాదు. కాని ఊరికి తిరిగివచ్చే బస్సులో ఒర్సోలా పాట పాడింది, గొంతు అసలు బాగోదు.

తర్వాతి సంగతులు అంత సులువుగా జరగలేదు. తాత పోయాక ఆయన కొలిమి ఆమెకొచ్చింది. ఒక ఏడాది వాగు పొంగి సానరాయి కొట్టుకుపోయింది. రెండేళ్లు సరుకు కదలక చెస్ట్‌నట్ తోటల్లో కూలికెళ్లింది. పెళ్లి చేసుకుంటానని వచ్చిన ఒకతను ముద్ర మార్చమన్నాడట, ఆ పెళ్లి అక్కడితో ఆగింది. దానికి ఆమె ఏడ్చింది కూడా, నా ముందే ఏడ్చింది. అతనంటే ఇష్టమే. అయినా మార్చలేదు.

మెల్లగా ఉత్తరాలు రావడం మొదలైంది. తొరీనో నుంచి, బొలోన్యా నుంచి, తర్వాత స్విస్ వైపు నుంచి. దర్జీలు, చెప్పులు కుట్టేవాళ్లు, బడుల వాళ్లు. అప్పటికి పిల్లల చేతులు కట్టెయ్యడం మానేశారు. ఆమె ఇంకో నలుగురు ఆడవాళ్లని కొలిమిలో పెట్టుకుంది. వాళ్లలో ఇద్దరు కుడిచేతివాళ్లు, ఎడమచేత్తో సుత్తి కొట్టడం నేర్చుకున్నారు. వాళ్లని ఒర్సోలా తెగ ఏడిపించేది, పాపం మీకు ఒక చెయ్యి మాంకా అని.

అకిల్లె మేస్త్రీ స్వయంగా కొలిమికి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. టోపీ తీసి చేత్తో పట్టుకుని, నమూనా ఇస్తే తన కార్ఖానాలో పెద్ద ఎత్తున చేయిస్తానన్నాడు. ముద్ర మాత్రం కొంచెం మెత్తగా ఉంటే బాగుంటుందన్నాడు. దుకాణాలవాళ్లు ఆ మాట చూసి మొహమాటపడుతున్నారట.

"కిరీటం బొమ్మ చూసి ఎవరన్నా మొహమాటపడ్డారా మేస్త్రీగారూ? మన ఊళ్లో రాజెవరూ లేరుగా."

ఆయన చాలాసేపు కత్తెరని అటూ ఇటూ తిప్పాడు. కుడిచేత్తో మూసి చూశాడు, తెగలేదు. ఎడమచేత్తో పట్టుకోబోయి వేళ్లు ఎలా దూర్చాలో తెలియక ఆగిపోయాడు. చివరికి ముద్ర అలాగే ఉండనీ అన్నాడు. ఒప్పందం కుదిరింది.

ఒర్సోలాకి డెబ్భై ఏళ్లు వచ్చినప్పుడు పురపాలక సంఘంవాళ్లు సన్మానం పెట్టారు. హాలు నిండా జనం. మేయరు పడుచువాడు, మంచివాడు. దళసరి కాగితం మీద బంగారు అంచుతో రాయించిన పత్రం ఆమె చేతికిచ్చాడు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని అక్కడే నిలబడి మొత్తం చదివింది. మేం చప్పట్లు కొట్టి, ఆపి, మళ్లీ కొట్టాలో వద్దో తెలియక చూస్తున్నాం.

"ఇక్కడ ఒక మాట ఉంది బాబూ" అంది. "పుట్టుకతో వచ్చిన లోపాన్ని జయించి, అని రాశారు. నేను ఏ లోపాన్నీ జయించలేదు. కత్తెర ఒకవైపుకే చేసి ఊరుకున్నారు, రెండోవైపుకి నేను చేశాను. అంతే. ఇది తీసుకుని ఆ వాక్యం కొట్టేసి ఇవ్వండి."

మేయరు ఎర్రబడి, ఊరివాళ్లు ప్రేమతో రాశారని ఏదో అనబోయాడు.

"ప్రేమతోనే. నాకు తెలుసు. రిబ్బను కట్టినావిడ కూడా ప్రేమతోనే కట్టింది."

పత్రాన్ని బల్లమీద పెట్టి, అందరికీ దండం పెట్టి, వచ్చి నా పక్కన కూర్చుంది. నేను ఆమె ఎడమచెయ్యి పట్టుకున్నాను. హాల్లో ఎవరో ఒక మూలనుంచి చప్పట్లు మొదలుపెట్టారు, ఈసారి చాలాసేపు ఆగలేదు. తర్వాత పెట్టిన కేకులో ఆమె రెండు ముక్కలు తిని, పొడిగా ఉందని చెప్పింది.

వారానికి కొత్త పత్రం తయారై వచ్చింది. అందులో ఆమె పేరు, ఊరి పేరు, కత్తెరల పనివారు అన్న మాట, తారీఖు మాత్రమే ఉన్నాయి. తెచ్చిన గుమాస్తాని గుమ్మంలోనే నిలబెట్టి మొత్తం చదివాక, అందినట్టు సంతకం పెట్టింది. తర్వాత ఆమె ఇంకో ఎనిమిదేళ్లు బతికింది, అందులో ఆరేళ్లు సానరాయి ముందే కూర్చుంది.